దైవముండగా మనమేల?

పెన్న సముద్రమున కలియబోవు ఈ సింహపురి మండలమున పుట్టి పెరిగినవారికి తిక్కన సోమయాజి పరాయి కవి కాడు. రంగనాయకుల కోవెల చెంత, ఏటిగాలి వీచుచోట, ఆయన భారతమును తెనిగించెనని ఇచ్చటి పెద్దలు నేటికిని చెప్పుకొందురు. పదుమూడవ శతాబ్దమున మనుమసిద్ధి కొలువులో మంత్రియై రాజ్యతంత్రముల లోతుపాతులు ఎరిగినవాడగుటచేతనే కాబోలు, సభలలో పెద్దమనుష్యులు ఎట్లు మాటాడుదురో, ఎట్లు మాటాడక తప్పించుకొందురో ఆయనకు తెలిసినంతగా మరియొక తెలుగు కవికి తెలియదని నాకు తోచును. ఉద్యోగపర్వమున, రాయబారమునకు వచ్చిన శ్రీకృష్ణునిచేత కౌరవసభలో ఆయన పలికించిన పద్యమొకటి మిక్కిలి ప్రసిద్ధము. పాపము ధర్మమును, బొంకు సత్యమును చెరుపుచుండగా, అడ్డుపడగల శక్తి కలిగియు ఉపేక్షించి కూర్చున్నవారెవరో ఆ కీడు వారినే చుట్టుకొనునని దాని పూర్వభాగము. ధర్మమును దరిజేర్చుటకు దైవమెట్లును ఉన్నదని దాని ఉత్తరభాగము.

ఈ పద్యము విని తలయూపు మనలో పెక్కుమంది ఆ ఉత్తరభాగమును మాత్రమే ఇంటికి తీసికొనిపోవుదురు. దైవమున్నది గదా, అన్నియు పైవాడే చూచుకొనును గదా, నడుమ మనమేల? అన్యాయమును కన్నులార చూచియు పెదవి విప్పనివారు చెప్పుకొను సమాధానములలో ఇంత భక్తిగా వినబడునది మరియొకటి లేదు. ఇంత అపాయకరమైనదియు లేదు. భయముచేత ఊరకున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు తన భయమునకు తానే సిగ్గుపడును. భక్తిచేత ఊరకున్నాననుకొనువానికి ఆ సిగ్గును కలుగదు. రాత్రి దీపారాధన చేసి నెమ్మదిగా నిద్రపోవును.

కాని పద్యమును మొదటినుండి చదివినచో అందు మనకు ఓదార్పేమియు లేదు. దైవము పూచీపడినది ధర్మమునకే గాని ధర్మము చెడుచుండగా చూచుచున్న మనకు కాదు. ధర్మము ఎన్నటికైనను నెగ్గును. అది మనవలననే నెగ్గవలెనను నియమము లేదు. నెగ్గిననాడు మనము దాని వెంట ఉందుమను నమ్మకమును లేదు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఎన్నటికైనను అను మాట దూరమున నిలిచి చూచువానికి చెల్లును గాని అనుభవించువానికి చెల్లదు. దైవమునకు యుగములున్నవి; జుట్టుపట్టి ఈడ్వబడుచున్న స్త్రీకి ఆ గడియ ఒక్కటే యున్నది. ఆ గడియలో ఆమె ప్రక్కన ఉన్నవారు మనుష్యులే గాని యుగములు కావు. కనుక దైవమున్నదను విశ్వాసము మనలను పనినుండి విడిపించునది కాదనియు, ఓడిపోవుదుమేమో అను భయమునుండి మాత్రమే విడిపించునదనియు నేను గ్రహించితిని. విశ్వాసి అన్యాయము నెదుట అందరికంటె ముందు లేవవలసినవాడు. ఏలయన, తుదిఫలము తన భుజములపై లేదని ఎరిగినవాడు అతడొక్కడే.

ద్రౌపదీ పరాభవ కథను ఈ దృష్టితో మరల తలచికొనవలెను. జూదమున తన్ను తాను ఓడిన పిమ్మట నన్ను పణముగా ఒడ్డుటకు ధర్మరాజునకు అధికారమెక్కడిదని ఆమె సభను అడిగినది. అడిగినది బాధితురాలు, బదులు చెప్పవలసినవారు శాస్త్రములు చదివి తలలు నెరసినవారు. ధర్మము మిక్కిలి సూక్ష్మమని పలికి భీష్ముడు తేల్చలేకపోయెను. విదురుడు చెప్పవలసినది చెప్పెను; ఆయన మాట ఆ కొలువులో ఎన్నడును సాగినది కాదు. దుర్యోధనుని తమ్ములలో ఒకడైన వికర్ణుడు లేచి ఇది అన్యాయమని నిర్భయముగ పలుకగా, పెద్దలకు తోచనిది నీకెట్లు తోచెనని కర్ణుడు కసరి కూర్చుండబెట్టెను. ధర్మము సూక్ష్మమనుట అబద్ధము కాదు; ఏది ఎవరికి ఎంతవరకు న్యాయమని తీర్పు చెప్పబోవువానికి ఆ సూక్ష్మదృష్టి కావలసినదే. అయినను ఈడ్చుచున్న చేతిని పట్టి ఆపుటకు అంతటి విచారము అక్కరలేదు. ముందు చేయి ఆగవలెను. సూక్ష్మములను అటుపిమ్మట తీరికగా చర్చింపవచ్చును. కులము, కూలి, కల్లు, కట్నము, ఏ విషయమున గాని, ఇందులో చాల సంగతులున్నవి, తొందరపడరాదని తల పంకించు పెద్దమనిషి మన ప్రతి గ్రామమునను కలడు, అతడు చెడ్డవాడు కాడు, భీష్ముని వంటివాడు. అందుకే అతనివలన కలుగు కీడు ఎక్కువ.

వికర్ణుని మనము కొనియాడుదుము, అది తగును. అయినను అతని కథ ఆ సభతో ముగియలేదు. ద్రౌపది పక్షమున పలికిన ఆ వికర్ణుడే పదుమూడేండ్లు గడచిన పిమ్మట కురుక్షేత్రమున అన్నగారి సేనలో నిలిచి భీముని చేతిలో కూలెను. నోరు న్యాయము వైపున ఉండి పాదములు మాత్రము ఉన్నచోటనే ఉండిపోయెను. వైశ్యస్త్రీ కడుపున పుట్టి, ఆ నూర్గురి లెక్కలో చేరని ధృతరాష్ట్రపుత్రుడు యుయుత్సుడు యుద్ధారంభమున ధర్మరాజు పిలుపు విని, రెండు సేనల నడుమనున్న బయలును దాటి ఒక్కడే నడచివచ్చెను. ఇక భీష్ముని మాట. ఆశీస్సు కోరి వచ్చిన ధర్మరాజుతో, మనుష్యుడు అర్థమునకు దాసుడనియు, తాను కౌరవుల అర్థమునకు కట్టుబడితిననియు ఆ వృద్ధుడు దాచకుండ ఒప్పుకొనెను. మహాభారతమంతటిలో నన్ను ఇంతగా కలచివేసిన వాక్యము మరియొకటి లేదు. సూక్ష్మమన్న ధర్మము వెనుక ఉన్నది తిన్న తిండి.

మాట నడకగా మారుట ఎట్టిదో నెల్లూరు పట్టణము తన వీథులలోనే చూచినది. పొట్టి శ్రీరాములు పేరు చెప్పగానే 1952 డిసెంబరు 15న మదరాసులో ఆంధ్రరాష్ట్రమునకై ప్రాణములర్పించిన త్యాగమూర్తి మనకు తలపునకు వచ్చును. 2008లో ఈ జిల్లాకు ఆయన పేరు పెట్టినదియు ఆ త్యాగమును తలచియే. కాని ఆ ప్రాణత్యాగమునకు ఆరేండ్లు ముందు, 1946లో, మూలపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజనులకు ప్రవేశము కలుగవలెనని ఆయన పూనిన నిరాహారదీక్షను మన పాఠ్యపుస్తకములు ఒక వాక్యముతో దాటిపోవును. రైల్వేలో కొలువు విడిచి, సబర్మతిలో గాంధీగారి సన్నిధిని సేవావ్రతము నేర్చినవాడు ఆయన. హరిజనసేవను గూర్చిన అట్టలను మెడలో తగిలించుకొని, కాళ్లకు చెప్పులును తలపై గొడుగును లేక ఆయన నెల్లూరి వీథులలో తిరుగుచుండగా, పిచ్చివాడని నవ్వినవారును కలరు. రోహిణికార్తెలో నెల్లూరి బాటలు ఎట్లు కాలునో ఎరిగినవారికి ఆ నడక ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

వైశ్యకులమున పుట్టిన ఆయనకు ఆ గుడి తలుపులు ఏనాడును మూయబడలేదు. లోపలికి పోయి, దండము పెట్టి, తీర్థము పుచ్చుకొని వచ్చుటకు ఆయనకు అడ్డేమియు లేదు. ఆ అడ్డు ఇతరులది. ఆ ఇతరుల అడ్డును తన ఆకలిగా చేసికొనుటయే ఆయన సాధన. ఇందొక గడ్డు ప్రశ్న కలదు. అన్యాయము బజారులో ఉన్నచో దైవమును పిలువవచ్చును. అన్యాయము దైవము పేరిటనే, దైవము గుమ్మముననే నిలిచియున్నచో ఎవరిని పిలుతుము? ఇదే వేదనతో 1941లో జాషువా కవి గబ్బిలము రచించెను: కులము పేరిట గుడి వెలుపల నిలుపబడినవాడు తన గోడును శివునికి విన్నవింపుమని, ఏ అర్చకుడును ఆపలేని గబ్బిలముచేత సందేశమంపుట ఆ కావ్యమున ఇతివృత్తము. మనిషి పోలేని గర్భగుడిలోనికి గబ్బిలము పోగలదన్న ఆ ఒక్క భావము ముందు ఎన్ని ఆగమవాదములు నిలుచును? మూలపేట గుడి తలుపులు కడకు తెరువబడెను. 1947లో మదరాసు ప్రభుత్వము ఆలయప్రవేశ శాసనమును చేసెను.

శ్రీరాములు దీక్షకు చేయెత్తి మ్రొక్కుచునే ఒక సంగతిని చెప్పక తప్పదు. 1930లో నాసికలో కాలారాముని ఆలయమునకై సత్యాగ్రహము నడిపిన అంబేడ్కరు, అటుపిమ్మట కొలదియేండ్లలోనే, గుడి తలుపు తెరచినంత మాత్రమున చాలదనియు, కులభేదము పాదుతో కూల్చవలెననియు వాదించెను. 1935లో యేవలాలో తాను హిందువుగా మరణింపనని ప్రకటించెను. దయగల ఒకడు ఉపవసించి తెరపించిన తలుపు, ఎంత గొప్పదైనను, దయతో వచ్చినది. అందు ప్రవేశించువాని నోరు ఇంకను విప్పబడలేదు. విడవలూరు దగ్గరి అలగానిపాడున 1913లో భూస్వామి ఇంట పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య దీనిని తనదైన మార్గమున గ్రహించెను. దైవమును నమ్మని ఆయన పేరు చివరి కులపు తోకను వదలి, తన ఊరి వ్యవసాయకూలీలకు సంఘము కట్టించి, వారి కూలిని వారే అడుగునట్లు చేయ పూనెను. విశ్వాసియు, నాస్తికుడును ఒకే జిల్లాలో ఒకే గోడను రెండువైపులనుండి త్రవ్విరి. దైవము వారిరువురిలో ఎవరిని ఎక్కువ మెచ్చునో నిర్ణయించు సాహసము నాకు లేదు.

తిక్కన పద్యమున ఉపేక్ష దోషము సమర్థులకే అంటును గదా. మాకు ఆ సామర్థ్యమెక్కడిదని తప్పుకొనువారు కొందరు. చదువు లేదు, పలుకుబడి లేదు, వెనుక నలుగురు లేరు. ఈ వాదమునకు బదులు శాస్త్రములలో వెదకనక్కరలేదు. కలిగిరి దగ్గరి దూబగుంటలో దొరకును.

ఆనాటి సారా సంగతి తెలిసినవారింకను బ్రతికియున్నారు. వారుణివాహిని అను అందమైన పేరుతో సర్కారు సారాను ప్లాస్టిక్కు పొట్లములలో పోసి ఊరూరికి చేర్చెను; త్రాగునీరు సరిగా రాని పల్లెకును పొట్లము తప్పక వచ్చెడిది. మగవాని కూలి దుకాణమున ఆగిపోయెడిది. ఆడుదాని కూలితో పొయ్యి వెలిగెడిది. ఆ కూలిని సైతము తన్ని లాగుకొన్న రాత్రులు లెక్కలేనివి. ఇది ఇంటి గుట్టు, విధివ్రాత, పూర్వజన్మ కర్మమని ఆ స్త్రీలకు తల్లులు చెప్పిరి, అత్తలు చెప్పిరి. 1991లో అక్షరదీపము అను పేర నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినపుడు, పగలంతయు కూలి చేసి అలసిన ఆ స్త్రీలు రాత్రివేళ లాంతరు వెలుగున పలకలు పట్టి కూర్చుండిరి. వారి వాచకమున సీతమ్మ అను ఒక పల్లెపడతి తోడివారిని కూర్చుకొని సారాను ఎదిరించిన కథ యొకటి ఉండెను. ఆ పాఠము వారికి క్రొత్త బాధను చెప్పలేదు. ఉన్న బాధ తమ ఒక్కరి నొసట వ్రాసినది కాదనియు, ఎవరో చేయగా వచ్చినదనియు, చేసినదానిని మాన్పవచ్చుననియు చెప్పెను. కర్మమని మూయబడిన సంగతి ప్రశ్నగా తెరువబడెను. అటుపిమ్మట దూబగుంట స్త్రీలు కదలి దుకాణమును మూయించిరి. వారి ముందు నిలిచిన రోశమ్మ విద్యాధికురాలు కాదు, ధనికురాలు కాదు. కూడబెట్టుకొన్న పలుకుబడి ఏమియు లేదు. 1992లో ఆ కదలిక జిల్లా అంతటను ప్రాకి, స్త్రీలు గుంపులుగా నెల్లూరికి వచ్చి సారా వేలములను అడ్డగింపగా, అధికారులు వాటిని మరల మరల వాయిదా వేయవలసి వచ్చెను. చీపుళ్లును కారపుపొడియు వారి ఆయుధములు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను.

కనుక సామర్థ్యము ముందు కలిగి మాట తరువాత వచ్చునని మనము అనుకొనుట తలక్రిందులైన విచారము. దూబగుంట స్త్రీలకు సామర్థ్యము ఎవ్వరును ఇవ్వలేదు. దుకాణము ముందు నిలిచిన తరువాతనే తాము సమర్థులమని వారికి తెలిసినది. ఒక సంగతి మాత్రము నాకు సమ్మతము కాదు. కొన్ని ఊళ్లలో త్రాగినవానికి గుండు గీయించి ఊరేగించిరి. వారి కోపమును అర్థము చేసికొనగలను. ఏండ్ల తరబడి దెబ్బలు తిన్నవారిని ఓర్పు చాలదని నిందించుటకు నాకు నోరు రాదు. అయినను అవమానింపబడిన ఆ కూలివాడును సారా గుత్తదారు వలలో చిక్కినవాడే. వలను వేసినవాడు ఆనాడు నెల్లూరిలో మేడలోనే ఉండెను. అన్యాయమును ఎదిరించువారు ఎవరిని ఎదిరించుచున్నారో మరువకుండుట ధర్మమునకు నిజముగా సూక్ష్మమైన చోటు. భీష్ముని సూక్ష్మదృష్టి పనికిరావలసినది ఇచ్చటనే.

1997లో సంపూర్ణ నిషేధము సడలింపబడెను. అంత శ్రమయు వృథాయే కదా అని నిట్టూర్చువారిని నేను పెక్కుమందిని ఎరుగుదును. నాకు ఆ నిట్టూర్పులో పాలులేదు. సర్కారు ఆదాయమునకై వెనుకకు పోయినది గాని ఆ స్త్రీలు వెనుకకు పోలేదు. సారా పోరాటపు వేడి ఆరకముందే నెల్లూరు జిల్లాలో వారు పొదుపులక్ష్మి సంఘములుగా ఏర్పడి, దినమునకు ఒక రూపాయి చొప్పున దాచసాగిరి. నిన్నటివరకు పొట్లమునకు పోయిన కూలి నేడు పేరున్న పద్దుగా మారెను. గీతలో చెప్పబడిన ఫలత్యాగము ఫలమును పట్టించుకొనకుండుట కాదని నా నమ్మకము. ఫలము చెడిన మరునాడును అదే పనికి లేచి పోగలుగుట. నిషేధము సడలిన వార్త విని మంచమెక్కనివారికే ఆ శ్లోకములు తెలిసినవందును.

ఇంతవరకు చెప్పినది గడచిన కాలము. గడచిన అన్యాయమును ఖండించుట అందరికిని సులభమే. భీష్ముని తప్పుపట్టుటకు నేడు ఎవ్వనికిని ధైర్యమక్కరలేదు. ఇస్కపల్లి మొదలు దుగరాజపట్టణము వరకు ఈ తీరమున, బకింగ్‌హాం కాలువ కిరుప్రక్కల, రొయ్యల గుంటల గట్లపై చిన్న చిన్న కాపలా గుడిసెలున్నవి. వాటిలో కాపురముండువారిలో పెక్కుమంది యానాదులు. ఈ జాతిని ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టము క్రిందికి తెచ్చి, పుట్టుకయే నేరమన్నట్లు హాజరుపట్టీలలో వ్రాసెను. 1952లో ఆ చట్టము తొలగువరకు, తొలగిన పిమ్మటను, వెన్నెలకంటి రాఘవయ్య వారి పక్షమున పాటుపడెను. చట్టము పోయినను అడ్వాన్సు మిగిలినది. పెండ్లికో, రోగమునకో తీసికొన్న కొలది సొమ్ము, ఎంత చాకిరి చేసినను తీరని అప్పుగా నిలిచి, మగవానిని రాత్రింబవళ్లు గుంటకు కాపలాగా, భార్యను మేత చల్లుటకు, బిడ్డను బడి మాని తల్లి వెంట తిరుగుటకు కట్టివేయుట ఈ తీరమున విననివారు లేరు. గుంటదారు మనకు బంధువు కావచ్చును; మన కొడుకు చదువునకు అక్కరకు వచ్చినవాడు కావచ్చును; గుడి ధ్వజస్తంభమునకు ఇత్తడి తొడుగు వేయించిన దాత కావచ్చును. కౌరవుల అర్థమునకు కట్టుబడిన భీష్ముడు హస్తినాపురముననే లేడు.

ఇందు సూక్ష్మమైనదేదియు లేదు. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టము ఇట్టి అప్పును చెల్లనిదిగా చేసినది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేయవలసిన భారమును ఆ చట్టము అప్పిచ్చినవానిపైననే ఉంచినది. చదువెరుగని యానాది సాక్ష్యములు కూర్చుకొని రానక్కరలేదు. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఒక నిఘాసంఘముండవలెననియు, అందు షెడ్యూల్డు కులములకును తెగలకును చెందిన ముగ్గురు సభ్యులుగా ఉండవలెననియు శాసించినది. ఏ గట్టుమీది గుడిసెలో ఎవరు ఎన్నేండ్లుగా కదలలేక ఉన్నారో ఆ ఊరి ఉపాధ్యాయునికి తెలియును, రేషను దుకాణదారునికి తెలియును, పూజారికిని తెలియును. ప్రతి సోమవారము నెల్లూరు కలెక్టరు కచేరిలో అర్జీలు పుచ్చుకొందురు. అర్జీ తెచ్చువాడు బాధితుడే కానక్కరలేదు.